ముప్పై ఎనిమిది కిలోల వయసు

తుమ్మలగుట్టపల్లె సోమన్న ఎంత బక్కమనిషంటే, ఎండాకాలం సుడిగాలి లేచిన రోజున పంచె చెంగులో రెండు గులకరాళ్లు కట్టుకోనిదే గడప దాటడు. ఒకసారి రాళ్లు మరిచిపోయి బయలుదేరితే, గాలి ఎత్తుకుపోయి పక్కూరి టమాటా తోటలో నిలబెట్టిందనీ, ఆ తోట ఆసామి దిష్టిబొమ్మ అనుకుని నెత్తిన కుండ బోర్లించి పోయాడనీ ఊళ్లో చెప్పుకుంటారు. కుండ సంగతి అబద్ధం. అది ముంత. మిగతాదంతా నిజమే.

ఆయన భార్య రామేశ్వరమ్మది వేరే తూకం. ఆ సుడిగాలే ఆమె దాకా వచ్చి, ఒక్కక్షణం ఆలోచించి, పక్కకు తప్పుకుని పోతుంది.

ఆ ఏడు మృగశిర కార్తెలో మంచివాన పడింది. పత్తికొండకు పడమటగా ఉన్న ఆ ఎర్రనేలల్లో వాన పడడమే ఒక శుభలేఖ. పదును ఆరకముందే విత్తనం నేలలో పడాలి. సోమన్న ఇంట్లో శనక్కాయలు ఒలిచి విత్తనం సిద్ధంగా ఉంది, విత్తే గొర్రు సిద్ధంగా ఉంది, ఎద్దులు కూడా ఎన్నడూ లేనిది అదిలించకుండానే లేచి నిలబడ్డాయి. సరిగ్గా ఆ పొద్దునే గ్రామ సచివాలయం నుంచి కబురొచ్చింది. ఊళ్లో అందరి వయసులూ కంప్యూటర్లో ఉన్నాయట, సోమన్నది మాత్రం ఎగిరిపోయిందట.

"చేనికి పోతాపోతా చెప్పిపోతాలే. నా వయసు చెప్పేదానికి ఎంతసేపు?" అని ఎద్దుల్ని మళ్లీ గుంజకు కట్టేసి పోయాడు.

సచివాలయంలో ఉమామహేశ్ అని కొత్త ఉద్యోగి. కర్నూలు పక్కన కల్లూరు నుంచి వచ్చాడు. మంచి పిల్లవాడే. కంప్యూటర్లో ఖాళీ గడి కనబడితే మాత్రం నిద్ర పట్టదు, అదొక్కటే జబ్బు.

"తాతా, ఏ సంవత్సరంలో పుట్నావు?"

"గంజి కేంద్రాలు పెట్నారే, ఆ కరువులో. సంకన బిడ్డ ఉండే ఆడోళ్లకు ఒక గంటె గంజి ఎక్కువ పోస్తాండ్రంట. అందుకే నన్ను కన్నారని మా నాయన అంటాండె."

"కరువు రాసేదానికి గడి లేదు తాతా. అంకె కావాల."

"కరువులో అంకెలు యాడివప్పా?"

"కార్డు తెచ్చినావా?"

సోమన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పేరు ఉంది, ఊరు ఉంది, ఫోటోలో ముంత లేని ముఖం ఉంది. పుట్టిన సంవత్సరం ఉండాల్సిన మూల మాత్రం అర్ధచంద్రాకారంగా ఊడిపోయి ఉంది.

"మేక తినె," అన్నాడు సోమన్న. "తక్కింది దానికి రుచించలేదు."

ఉమామహేశ్ తల పట్టుకున్నాడు. పట్టుకున్న తల ఎత్తేసరికి ఎదురుగా గోడ మీద పటం కనిపించింది. పిల్లలు ఏ వయసుకు ఎంత బరువు ఉండాలో చూపించే గ్రాఫు అది. కింది అంచున వయసులు, ఒకటి నుంచి పద్దెనిమిది దాకా. ఎడమ అంచున కిలోలు. మధ్యలో నల్లగీత ఒకటి కింది మూలలో మొదలై, గుట్టెక్కే మేకదారి మాదిరిగా పైకి పోతోంది. పటాన్ని చూసిన ఉమామహేశ్ ముఖం వెలిగింది. సోమన్నను పక్కనున్న తూకం మిషను ఎక్కించాడు. ముప్పై ఎనిమిది కిలోలు.

పిల్లవాడు లేచి పటం ముందు నిలబడ్డాడు. ఎడమ అంచున ముప్పై ఎనిమిది మీద వేలు పెట్టాడు. అక్కడి నుంచి తిన్నగా కుడికి పోయాడు. నల్లగీత తగలగానే ఆగి, బావిలోకి చేద వదిలినట్టు వేలిని నేరుగా కిందికి దించాడు.

"పన్నెండు."

"పన్నెండేందప్పా?"

"నీ వయసు."

సోమన్న నవ్వాడు. ఉమామహేశ్ నవ్వలేదు.

"ఈ పటం పైనుంచి వచ్చింది తాతా. తప్పు చెప్పదు," అంటూ గడిలో పన్నెండు కొట్టాడు. కంప్యూటరు టింగుమంది.

ఆ టింగుతో సోమన్న ఒంటిమీది అరవై ఏళ్లు రాలిపోయాయి. ఆయన సచివాలయం మెట్లు దిగేలోపలే బడికి కబురు చేరింది, ఊళ్లో పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు బడి మానేసి తిరుగుతున్నాడని. గేటు దగ్గరే పట్టుకున్నారు. సంచి, బెల్టు, రెండు జతల బట్టలు, బూట్లు ఇచ్చి ఏడో తరగతిలో కూర్చోబెట్టారు. బూట్లు మాత్రం సోమన్నకు నచ్చాయి. ఇక గులకరాళ్లతో పనిలేదు.

"నన్ను ఇడిసిపెట్టండి సామీ, పదును ఆరిపోతాంది," అని మధ్యాహ్నం ఉమామహేశ్ దగ్గరికి పరిగెత్తాడు.

"నువ్వు చేనికి పోకూడదు. పన్నెండేళ్ల పిల్లోడు గొర్రు పట్టుకుంటే ఆ చేని ఆసామి మీద కేసు."

"ఆసామిని నేనే కదప్పా!"

"అట్లయితే నీమీదే కేసు. నీతో పని చేయించుకున్నందుకు."

సాయంత్రానికి ఇంకో ముడి పడింది. మహిళా సంరక్షణ చూసే జీవిత మేడం సోమన్న ఇంటికొచ్చి, గుమ్మంలో చాట పట్టుకుని కూర్చున్న రామేశ్వరమ్మను గట్టిగా నిలదీసింది.

"ఏమమ్మా, పన్నెండేళ్ల పిల్లోన్ని పెళ్లి చేసుకున్నావంట?"

రామేశ్వరమ్మ చాట దించలేదు. "నేను చేసుకున్నప్పుడు ఆయప్ప పెద్దోడేనమ్మా. ఇప్పుడు చిన్నోడైతే నేనేం జేయాల?"

"చట్టం ఒప్పుకోదు. ఇరవై ఒకటి నిండేదాకా అబ్బాయి ఈ ఇంట్లో పండుకోకూడదు."

"ఇంకా తొమ్మిదేండ్లా?" అంది రామేశ్వరమ్మ. ఆ మాటలో దిగులు ఎంతో, ఊరట ఎంతో గోడవతల నిలబడి వింటున్న సోమన్నకు తెలియలేదు. అది తెలియకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ. ఆ రోజు నుంచి ఆయన పడక బడి వరండాకు మారింది.

ఏడో తరగతి కిటికీలోంచి చూస్తే సోమన్న చేను కనిపిస్తుంది. మొదటిరోజు మట్టి బెల్లం రంగులో ఉంది. మర్నాటికి అంచులు తెల్లబడ్డాయి. ఆయన కళ్లు బోర్డుమీద కాకుండా మట్టిమీదే ఉండేవి. దానికి తోడు మనవరాలు భువన ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం భోజనం దగ్గర ఎదురొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తాతా, నేను నీకంటే ఏడాది పెద్ద. ఇంగ నన్ను అక్కా అనాల."

"అక్కా, నీ గుడ్డు నాకియ్యి," అన్నాడు సోమన్న. పెద్దవాళ్లను అడిగి తీసుకోవడంలో తప్పులేదు కదా.

అదీ అసలు సంగతి. బడిలో అన్నం, పప్పు, గుడ్డు. ఒకరోజు చిక్కీ, ఒకరోజు రాగిజావ. పిల్లల్లో గుడ్డు ఇష్టంలేని వాళ్లంతా ఈ కొత్త పిల్లవాడి పళ్లెం వైపే దొర్లించేవాళ్లు. వద్దనడం సోమన్నకు చిన్నప్పటి కరువు నేర్పలేదు.

లెక్కలు చెప్పే ప్రేమజ్యోతి మేడం చర్చిలో పాటలు పాడే మనిషి. ఆమె గొంతులో ఎక్కం కూడా కీర్తనలాగే ఉంటుంది. ఆ రోజు గ్రాఫు పాఠం. బోర్డు మీద అడ్డగీత, నిలువుగీత గీసి, మధ్యన వంపులు తిరిగే గీత ఒకటి వేసింది. ఒక బావిలో ఏ నెలకు ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చెప్పే గీత అది.

"కింద నెలను పట్టుకోండి. నిట్టనిలువునా పైకి పోండి. గీత తగిలితే ఆగండి. ఎడమకు తిరగండి. అంచులో ఉన్న అంకె చదవండి. అంతే."

సోమన్నకు ఇది చప్పున అర్థమైంది. సాలు పట్టి పోవడం, గట్టు తగిలితే మళ్లడం. ఆయన జన్మంతా చేసింది అదే. కానీ ఒక ముల్లు గుచ్చుకుంది. లేచి నిలబడ్డాడు.

"మేడం, మీరు కింద నుంచి పైకి పోయి పక్కకు తిరుగుతాండారు. ఆ ఉమామహేశు సారు పక్క నుంచి వచ్చి కిందికి దిగె. అడ్డంగా తోలినా అదే పంట వస్తాదా?"

ప్రేమజ్యోతి చేతిలో చాక్‌పీసు ఆగింది. "ఎన్ని అడుగుల నీళ్లు కావాల?"

"పది అనుకోండి."

ఆమె పది దగ్గర స్కేలు అడ్డంగా పెట్టింది. ఆ స్కేలు వంపుగీతను ఒకచోట కోసింది. ఇంకోచోట కూడా కోసింది. ఆషాఢంలో నీళ్లు ఎక్కేటప్పుడు ఒకసారి పది, మాఘంలో దిగేటప్పుడు ఒకసారి పది.

"దీన్ని ప్రమేయం అంటారు," అంది నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఒక నెలకు ఒకటే లోతు. కానీ ఒక లోతుకు ఎన్ని నెలలైనా ఉండొచ్చు." అని సోమన్న వంక, ఆయన తెల్లమీసం వంక, మొదటిసారి చూసినట్టు చూసింది.

"మరి ఆ సచివాలయం పటం పద్దెనిమిది కాడ నిలిచిపాయ కదా మేడం. గీత ఆడ్నుంచి యాడికి పోతాది? అట్లే ఎక్కతా పోతే ఇప్పటికి నేను మూడు క్వింటాళ్లు ఉండాల. నన్ను లారీలో తేవాల మీరు."

తరగతి గొల్లుమంది. ప్రేమజ్యోతి నవ్వి, చాక్‌పీసు కింద పెట్టేసి, "రాండి, మిగిలిన గీత మనమే గీద్దాం," అంది.

గీత పొడుగైంది కాబట్టి కాగితం చాలదు. బడి ప్రహరీగోడకు అప్పుడే సున్నం కొట్టి ఉన్నారు. కింద వయసులు, ఎడమకొసన కిలోలు, బొగ్గుతో రాశారు. పత్తి బోరేలు తూచే పెద్ద కాటా తెచ్చి గేటు దగ్గర పెట్టారు. ఉమామహేశ్ కంప్యూటరును కూడా అక్కడికే మోసుకొచ్చి, దాని ముందు కూర్చుని ఒక్కొక్కరి వయసు చదువుతుంటే, పిల్లలు ఊరిని ఒక్కొక్కరిగా కాటా ఎక్కించి, గోడమీద ఒక్కో చుక్క పెడుతూ పోయారు. పిండిమిల్లు వీరభద్ర ఎక్కితే కాటా మూలిగింది. యాభై తొమ్మిది కిలోలు, ఊళ్లో అంతకు మించిన చుక్క లేదు. నలభై దాటినవాళ్ల నుంచి చుక్కలు దిగడం మొదలుపెట్టాయి. డెబ్బైలకు వచ్చేసరికి పొద్దుతిరుగుడు పువ్వు మాదిరిగా తల వాల్చేశాయి. చుక్కల్ని కలిపితే గుట్ట ఒకటి లేచింది. ఒకపక్క ఎక్కుడు, ఒకపక్క దిగుడు.

రామేశ్వరమ్మను కూడా రమ్మన్నారు. "నన్నేమన్నా శనక్కాయ మూట అనుకుంటిరా?" అని కాటా వైపు కన్నెత్తి చూడలేదు. దారం పట్టుకోవడానికి మాత్రం ఒప్పుకుంది.

నీలంలో ముంచిన దారం తెచ్చారు. ఎడమకొసన ముప్పై ఎనిమిది మీద ఉమామహేశ్ పట్టుకున్నాడు. కుడికొసన అదే ఎత్తులో రామేశ్వరమ్మ పట్టుకుని బిగలాగింది. ఆ లాగుడుకు ఉమామహేశ్ రెండడుగులు కుడికి వచ్చి, మళ్లీ వెనక్కిపోయి నిలదొక్కుకున్నాడు. దారం గుట్టను అటు ఒకసారి కోసింది, ఇటు ఒకసారి కోసింది. ప్రేమజ్యోతి రెండుచోట్ల నుంచీ కిందికి గీత దించింది. ఒకటి పన్నెండు. ఇంకొకటి డెబ్బై మూడు.

"సూస్తివా!" అని ఎగిరాడు సోమన్న. బూట్లు లేకుంటే ఎక్కడ దిగేవాడో. "గంజి కరువు దొరికె!"

ఊరంతా చప్పట్లు. ఉమామహేశ్ మాత్రం కదలలేదు.

"రెండు దొరికినాయి. నా గడి ఒకటే. ఏది రాయాల?"

"తెల్లమీసం చూసి రాయి," అంది రామేశ్వరమ్మ.

"మీసానికి గడి లేదవ్వా."

ప్రేమజ్యోతి గోడ దగ్గరికి పోయి ఎడమపక్క ఎక్కుడును, కుడిపక్క దిగుడును చేత్తో చూపించింది. "ఈ పక్కన ఉండేవాళ్లు దినదినానికీ బరువెక్కుతారు. ఆ పక్కన ఉండేవాళ్లు తగ్గుతారు. ఈయప్ప ఎక్కుతాండాడా, దిగుతాండాడా చూస్తే తేలిపోతాది. మళ్లీ తూచండి."

సోమన్న పొట్ట తడుముకున్నాడు. కారణం ఆయనకొక్కడికే తెలుసు. కాటా ఎక్కాడు. నలభై కిలోలు.

గుడ్లు. చిక్కీలు. భువనక్క ఇచ్చిన గుడ్డు కూడా.

"ఎక్కినాడు!" అన్నాడు ఉమామహేశ్. దారాన్ని నలభైకి జరిపి చూశాడు. "పదమూడు. నాలుగు దినాల్లో ఏడాది పెరిగినాడు. ఎనిమిదో తరగతికి పంపొచ్చు."

"మా తరగతికా?" అని భువన ముఖం ముడుచుకుంది.

"కుడిపక్క చూడప్పా!" అని సోమన్న బతిమాలాడు. కుడిపక్క నలభై దగ్గర గీత డెబ్బై చెబుతోంది. అంటే గుడ్లు తిని మూడేళ్లు చిన్నవాడయ్యాడు. ఎటు చూసినా గుడ్డే ఆయన కొంప ముంచింది. ప్రహరీ మీదుగా చేను వైపు చూశాడు. మట్టి నడుమ మాత్రమే ఇంకా బెల్లం రంగు మిగిలింది. రేపటికి అదీ ఉండదు.

రామేశ్వరమ్మ దారం కొస వదిలేసి ముందుకొచ్చింది. గాలి పక్కకు తప్పుకుంది.

"అది మనిషి బరువు కాదప్పా, బడి బరువు. ఒక్కదినం చేన్లో గొర్రు తోలనీ, ఏ పక్క మనిషో మీకే తెలుస్తాది."

"పన్నెండేళ్లోడు పని చేయకూడదు," అంది జీవిత మేడం.

"పదమూడు," అన్నాడు ఉమామహేశ్.

"పని చేయకూడదు సరే. ఆడుకోవచ్చునా?" అంది రామేశ్వరమ్మ.

జీవిత మేడం చట్టమంతా మనసులో తిరగేసింది. ఆడుకోకూడదని ఎక్కడా లేదు. ప్రేమజ్యోతి బడిగంట వైపు చూసింది, చేయి చాపి టంగుమని కొట్టింది. "ఏడో తరగతికి ఇప్పుడు ఆటల పీరియడు!"

తుమ్మలగుట్టపల్లెలో అంత పొడుగైన ఆటల పీరియడు అంతకు ముందు లేదు, తర్వాత లేదు. సోమన్న గొర్రు పట్టాడు. ఎద్దులు ఈ నాలుగు రోజులూ నిలబడే ఉన్నట్టున్నాయి, అదిలించకముందే అడుగేశాయి. వెనకాల రామేశ్వరమ్మ విత్తనం వదులుతూ వచ్చింది. గట్టుమీద ఏడో తరగతి మొత్తం నిలబడి ఈలలు. జీవిత మేడం గొడుగు పట్టుకుని, ఎక్కడైనా ఆట పనిగా మారుతుందేమోనని సాలుసాలుకూ కనిపెట్టి చూసింది. మారినప్పుడల్లా రామేశ్వరమ్మ "ఔటు!" అని అరిచేది. ఎండ కొరడాతో కొట్టింది. సోమన్న ఒంట్లోంచి గుడ్లు చెమటగా దిగాయి, చిక్కీలు చెమటగా దిగాయి, బూట్లలో చెమట చేరి నడిస్తే పచపచమంది. కడపటి సాలు గట్టుకు తగిలేసరికి చేనంతా విత్తనం పడింది, మట్టి మూసుకుంది.

అక్కడి నుంచి నేరుగా కాటా. బూట్లు విప్పించి ఎక్కించారు. ముప్పై ఎనిమిది. ముల్లు అక్కడ కూడా నిలవలేదు, ఇంకా కిందికే వణుకుతోంది.

"దిగుతాండాడు," అన్నాడు ఉమామహేశ్. గొంతులో కొంచెం బాధ, కొంచెం గౌరవం. "కుడిపక్క మనిషే."

గడిలో డెబ్బై మూడు కొట్టాడు. టింగుమంది. సోమన్న కీళ్లనొప్పులన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఆయనకు అంత హాయి ఎన్నడూ కలగలేదు.

కంప్యూటరు ఇంకోసారి టింగుమంది. ఉమామహేశ్ చూసుకుని గతుక్కుమన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి భార్య ఉండకూడదని మిషను నాలుగు రోజుల కిందటే రామేశ్వరమ్మ వయసును తుడిచేసింది. ఇప్పుడు ఆ గడి ఖాళీ.

"అవ్వా," అన్నాడు భయంభయంగా. "ఒక్కసారి కాటా..."

మొగుడు ఇంటికి రావాలంటే తప్పదు. ఆమె అందరి ముఖాలూ ఒకసారి చూసింది, నవ్వినవాడి పని చెబుతానన్నట్టు. ఎక్కింది. కాటా మూలగలేదు, మూలిగే తీరిక దానికి దొరకలేదు. అరవై ఎనిమిది.

దారం మళ్లీ పట్టారు. ఎడమకొసన అరవై ఎనిమిది మీద పెట్టి కుడికొస దాకా లాగారు. దారం గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయింది. వీరభద్ర చుక్క పైనుంచి, గుట్ట పైనుంచి, కాకి ఎగిరినట్టు ఎగిరిపోయింది. ఎక్కడా గీతకు తగల్లేదు. ఉమామహేశ్ రెండుసార్లు చూశాడు. ప్రేమజ్యోతి కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"ఈ బరువుకు వయసు లేదు," అందామె.

"ఏమంటివి?"

"మన గీతలో ఈ బరువుకు ఏ వయసూ లేదమ్మా."

రామేశ్వరమ్మ కాటా దిగలేదు. "ఇంగొకసారి చెప్పు మేడం. కొంచెం గట్టిగా. ఆ పక్కింటి నాగక్క వినపడనట్టు నిలబడుండాది."

మేడం గట్టిగా చెప్పింది. నాగక్క మూతి తిప్పుకుంది.

"అంటే ఇంకా పుట్టనే లేదు," అన్నాడు సోమన్న. "పుట్టని మనిషి చేతి సంగటి తిని బతికినానప్పా ఇన్నేండ్లూ. అందుకే బక్కగా ఉండా."

ఉమామహేశ్ ఆ గడిని ఖాళీగానే వదిలాడు. అతనికి ఇప్పటికీ నిద్ర పట్టదంటారు. అది వేరే సంగతి.

బూట్లు, బెల్టు, సంచి బడికి అప్పజెప్పి మొగుడూ పెళ్లాలు ఇంటిదారి పట్టారు. విత్తిన చేను పక్కన దారి మలుపు తిరిగేసరికి పడమటి నుంచి గాలి లేచింది. సోమన్న చెంగు తడుముకున్నాడు. రాళ్లు లేవు. కాళ్ల వంక చూసుకున్నాడు. బూట్లు లేవు. మడమలు అప్పటికే నేలను వదిలి అంగుళం లేచాయి. చటుక్కున రామేశ్వరమ్మ కొంగు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నడిదారిలో?"

"చట్టం ఒప్పుకుంటాదిలే," అన్నాడు సోమన్న, గాల్లోంచి.

ఆమె కొంగు ఒక చుట్టు నడుముకు బిగించుకుని, ఆయన్ను కిందికి లాగి, ఇంటివైపు నడిచింది.